కాశీ వీథులు – జీర్ణోద్ధరణ ధర్మము

 



2023వ సంవత్సరము ఏప్రిల్ 22 మొదలు మే 3 వరకు గంగానదికి పుష్కరములు జరిగినవి. ఆ పండ్రెండు దినములలో మన తెలుగువారు తండోపతండములుగా కాశికి వెళ్ళివచ్చిరి. వచ్చినవారు తీర్థప్రసాదములతోపాటు నాయొద్దకు రెండు విధములైన మాటలు తెచ్చిరి. "అయ్యా! గంగలో మునిగి, గట్టెక్కి, నేరుగా స్వామి సన్నిధికి నడచిపోతిమి. దర్శనము హాయిగా అయినది" అని కొందరు సంతోషించిరి. "అయ్యా! మా తాతగారు దిగిన ఇల్లు లేదు. ఇల్లు మాట అటుంచి, ఆ సందే లేదు. మేము చూచినది కాశియేనా?" అని మరికొందరు కంటతడి పెట్టిరి.

ఈ రెండు మాటలును సత్యములే. ఒకదానిని మెచ్చి రెండవదానిని త్రోసివేయుట న్యాయము కాదు. కావున నేడు కాశీవిశ్వేశ్వరుని మహిమను గూర్చి కాక, ఆ స్వామి చుట్టునున్న వీథులను గూర్చి, అందు నివసించిన జనులను గూర్చి, ఆ పేట శిథిలమై మరల లేచిన విధమును గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను. పాత ఊరిని బాగుచేయుట అను కార్యమునకు మన శాస్త్రములో ఒక ధర్మము కలదు. ఆ ధర్మమే నేటి విషయము.

ముందుగా ఒక చిన్న సంగతి. మన పెండ్లిండ్లలో వరుడు గొడుగు పట్టుకొని, పాదుకలు తొడుగుకొని కాశీయాత్రకు బయలుదేరును. బావమరిది ఎదురువచ్చి బతిమాలి, బెల్లము చేతిలోపెట్టి వెనుకకు తెచ్చును. ఆ లెక్కన కాశికి బయలుదేరని తెలుగు వరుడు లేడు, చేరినవాడును లేడు! అందరును నవ్వుకొను ఈ వేడుకలో ఒక అర్థమున్నది. గురుకులవాసము ముగించిన బ్రహ్మచారి ఇంకను చదువుకొనుటకు కాశికి పోవుచున్నాడు. అనగా మన పెద్దలకు కాశి అనగా దర్శనము మాత్రమే కాదు. అది చదువు, అది వాసము. అక్కడ ఎవరో ఉందురు, వారియొద్ద మనము ఉండవలెను అను భావము ఆ గొడుగు క్రింద దాగియున్నది.

"కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే" అను సామెత ఉన్న ఆ దినములలోనే ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే 18న చెన్నపట్టణము విడిచి, కాశీ ప్రయాగ గయా క్షేత్రములు సేవించి, 1831 సెప్టెంబరు 3న క్షేమముగా ఇల్లు చేరిరి. వారు వ్రాసిన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయినది. వారికి నాలుగు శతాబ్దములు ముందే శ్రీనాథ మహాకవి కాశీఖండమును తెనిగించి రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చెను. కాశిని చూడని తెలుగువాడుకూడ కాశిని ఎరిగియుండుటకు ఇవి కారణములు.

ఇక ఆ పేట సంగతి వినుడు. కాశిని పెద్దలు ఓంకార ఖండము, విశ్వేశ్వర ఖండము, కేదార ఖండము అని మూడుగా విభజించిరి. నడుమనున్నది విశ్వేశ్వర ఖండము. గంగయొడ్డున ఎత్తైన ఘట్టములు, వాని వెనుక ఆనుకొని నిలిచిన మూడు నాలుగు అంతస్తుల రాతియిండ్లు, నడుమ ఇద్దరు మనుష్యులు ఒరసికొని నడువవలసిన గల్లీలు. ఈ భాగమును అక్కడివారు పక్కా మహల్ అందురు. భారతదేశములోని ప్రతి ప్రాంతమువారును ఇక్కడ తమ గూడు కట్టుకొనిరి. వంగదేశీయులది బెంగాలీ టోలా. లాహోరు నుండి వచ్చినవారిది లాహోరీ టోలా. మహారాష్ట్రులు దుర్గాఘట్టము, బ్రహ్మఘట్టముల చెంత. ద్రావిడులు హనుమాన్ ఘట్టము చెంత. నేపాల ప్రభువుల పశుపతీశ్వరాలయము లలితాఘట్టముపై. మన తెలుగువారు కేదార, మానససరోవర ఘట్టముల పరిసరములను నమ్ముకొనిరి. నేటికిని అక్కడ ఆంధ్రాశ్రమము యాత్రికులకు నీడనిచ్చుచున్నది. విజయనగర ప్రభువుల పేర ఒక ఘట్టమే ఉన్నది. విజయనగర ప్రాంతమున పుట్టిన త్రైలింగస్వామివారు పంచగంగా ఘట్టమున నివసించి 1887లో సిద్ధిపొందిరి.

ఈ పేట ఎన్నిమార్లు దెబ్బతినెనో చరిత్ర చెప్పుచున్నది. 1194లో కుతుబుద్దీను సేనలు కాశిని ధ్వంసము చేసినవి. పిమ్మట ఆలయము లేచుట, కూలుట జరిగినది. 16వ శతాబ్దమున నారాయణభట్టు అను మహాపండితుడు తోడరమల్లు సాహాయ్యమున విశ్వేశ్వరాలయమును మరల నిర్మింపజేసెను. 1669లో ఔరంగజేబు ఆజ్ఞచే ఆ ఆలయము కూల్చబడినది. తరువాత 1780లో ఇందూరు రాణి అహల్యాబాయి హోల్కరు నేడు మనము సేవించు ఆలయమును కట్టించెను. 1839లో దివంగతుడైన పంజాబు ప్రభువు రణజిత్‌సింహుడు శిఖరములకు బంగారు తొడుగు సమర్పించెను. 1828లో గ్వాలియరు రాణి బైజాబాయి జ్ఞానవాపి కూపముపై మండపము కట్టించెను.

ఈ సంవత్సరములను నేను పగ పెంచుటకు చెప్పుటలేదు. వీనిలో ఒక లెక్కను మీరు గమనింపవలెనని చెప్పుచున్నాను. 1669కిని 1780కిని నడుమ 111 సంవత్సరములు. అనగా నాలుగు తరముల కాలము విశ్వేశ్వరునకు ప్రధానాలయము లేదు. మరి ఆ నాలుగు తరములలో కాశి ఏమైనది? యాత్రికులు రావుట మానిరా? చదువు ఆగినదా?

ఆగలేదు. నేను పాఠశాలలో వ్యాకరణము చదువుకొన్నప్పుడు పరిభాషేందుశేఖరము చేతికిచ్చి మా గురువుగారు, "ఇది గట్టెక్కినవాడు ఏదైనను గట్టెక్కును" అనెడివారు. ఆ గ్రంథమును రచించిన నాగేశభట్టు ఆ 111 సంవత్సరముల నడుమనే కాశిలో ఉండి చదివి, చదివించి, గ్రంథములు వ్రాసెను. శిఖరములేని కాశినుండి వచ్చిన ఆ గ్రంథమునే నేటికిని మన ఆంధ్రదేశపు వ్యాకరణ విద్యార్థి వల్లెవేయుచున్నాడు. అంతకు ముందే నారాయణభట్టు తన త్రిస్థలీసేతువునందు ఒక నిర్ణయము చేసియుండెను. కాలవైపరీత్యముచే అక్కడ లింగము లేకపోయినను ఆ స్థానమునకే ప్రదక్షిణ నమస్కారములు చేయవలెనని ఆయన చెప్పెను. ఆపత్కాలమునకు ముందుగానే దారి చూపిన ఆ పండితుని దూరదృష్టికి నమస్కారము.

ఇక్కడ శాస్త్రమును స్మరింపవలెను. ఆలయము శిథిలమైనప్పుడు చేయు కార్యమును ఆగమములు జీర్ణోద్ధరణము అందురు. ఇష్టాపూర్తములలో ఇది పూర్తమునకు చెందినది. క్రొత్తగా కట్టుటకంటె పడిపోవుచున్నదానిని నిలుపుట గొప్ప పుణ్యమని పెద్దలు చెప్పుదురు. కాని గడ్డపార పట్టుకొని నేరుగా గోడమీదికి పోరాదు. ముందుగా కళాకర్షణము చేయవలెను. మూలమూర్తియందున్న దివ్యకళను కుంభములోనికి ఆవాహనచేసి, ప్రక్కన చిన్న ఆలయము కట్టి, అందు నిలుపవలెను. దానికి బాలాలయమని పేరు. పని ముగియువరకు ఒక్క పూటయైనను నైవేద్యము తప్పరాదు. పని ముగిసిన పిమ్మట ఆ కళను మరల మూలస్థానమునకు చేర్చవలెను. మన యాదగిరిగుట్ట ఆలయ నిర్మాణకాలమున 2016 నుండి 2022 మార్చి వరకు భక్తులు బాలాలయముననే శ్రీ నృసింహస్వామివారిని సేవించిన సంగతి మీలో అనేకులు ఎరుగుదురు.

ఇప్పుడు నా మనవి. ఆ 111 సంవత్సరములు విశ్వేశ్వరునకు బాలాలయము ఏది? ఆ గల్లీలే బాలాలయము. ఆ యిండ్లే బాలాలయము. మెట్లక్రింద ఒక లింగము, గూటిలో ఒక వినాయకుడు, పెరటిలో ఒక దేవి. ఏ యింటివారు ఆ యింటి స్వామికి ఒక చెంబెడు గంగ, ఒక బిల్వదళము తప్పక సమర్పించిరి. రాజు లేకున్నను, శిఖరము లేకున్నను, ఆ గృహస్థులు క్షేత్రకళను నాలుగు తరములు చేతులలో దాచి కాపాడిరి. అహల్యాదేవి రాళ్ళు పేర్చి ఆలయము కట్టినప్పుడు అందులోనికి వచ్చిన కళ ఈ యిండ్లనుండియే వచ్చినదని నా విశ్వాసము.

అటువంటి ఇంటిలో ఒకదానియందు నేను తొమ్మిది రాత్రులు నిద్రించితిని. 1976 మాఘమాసములో మా తల్లిదండ్రులతో కాశికి వెళ్ళితిని. విశ్వనాథ గల్లీకి సమీపమున, ఒక తెలుగు వైదికుల ఇంట దిగితిమి. ఆ యింటి ముత్తైదువను అందరును పెద్దమ్మగారు అని పిలిచెడివారు. తెల్లవారుజామున పై అంతస్తులో మన తైత్తిరీయ స్వరము, ఎదురింటిలో మహారాష్ట్రుల శుక్లయజుస్స్వరము. నడుమ గల్లీ మూడు మూరలు. ఒక కిటికీలోని స్వరము రెండవ కిటికీలోనికి దూరెడిది. ఏ స్వరమునకును భంగము లేదు. మెట్లక్రింద అరచేయంత శివలింగమున్నది. పెద్దమ్మగారు ప్రతిదినము అక్కడ దీపముపెట్టి, "వీరు మా ఇంటి పెద్ద నాయనా! వీరికి పెట్టక మాకు కాఫీ అయినను లేదు" అనెడిది.

కాని సత్యము పూర్తిగా చెప్పవలెను గదా! ఆ గల్లీలో మురుగు ప్రవహించెడిది. ఎడ్లు అడ్డముగా నిలిచెడివి. విద్యుత్తు తీగెలు తలలకు తగిలెడివి. మా తల్లిగారికి మోకాళ్ళ నొప్పులు. శివరాత్రినాటి తొక్కిసలాటలో ఆమె నాలుగు అడుగులు వేసి, ఊపిరి ఆడక, గల్లీ మొదటనే నిలిచి, శిఖరము కనబడని దిక్కునకు చేతులు జోడించి, "చాలు నాయనా, స్వామి వినినాడు" అని వెనుదిరిగెను. ఆమె మరల కాశికి పోలేదు. అంతదూరము తీసికొనిపోయి తల్లికి ఆ రాత్రి దర్శనము చేయింపలేకపోయితినను బాధ నన్ను ఏండ్ల తరబడి వెంటాడినది. పాత గల్లీల సౌందర్యమును మాత్రమే తలచుకొని దుఃఖించువారు ఇటువంటి తల్లులనుకూడ తలచుకొనవలెను.

పేటను బాగుచేయవలెనను ఆలోచన నేటిది కాదు. 1820 నుండి 1830 వరకు కాశిలో నాణెముల ముద్రణశాలాధికారిగా ఉన్న జేమ్స్ ప్రిన్సెప్ అను ఆంగ్లేయుడు ఈ నగరమునకు పటము గీసి, జనులను లెక్కించి, వీథులక్రింద పెద్ద మురుగుకాలువ త్రవ్వించెను. ఇండ్లు కదలకుండ పేటకు ఊపిరి పోసిన పని అది. ఇటీవల పాత నగరములోని విద్యుత్తు తీగెలను భూమిలోనికి దింపిరి. అదియును మెచ్చదగిన పనియే.

1983లో ప్రత్యేక శాసనముచే ఆలయ పరిపాలనము ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ పక్షమున ఏర్పడిన ధర్మకర్తల మండలికి వచ్చినది. ఆలయమునుండి గంగవరకు విశాలమైన ప్రాంగణము నిర్మించుటకు 2019 మార్చి 8న శంకుస్థాపన జరిగినది. 2021 డిసెంబరు 13న ప్రధానమంత్రిగారు దానిని ప్రారంభించిరి. మొదటి దశకు సుమారు 339 కోట్ల రూపాయలు వ్యయమైనవి. వెనుక మూడువేల చదరపుటడుగులుగా ఉన్న ఆలయ ప్రాంగణము సుమారు 5 లక్షల చదరపుటడుగులు అయినది. లలితాఘట్టమున స్నానముచేసినవాడు మెట్లెక్కి, గంగను వెనుకనుంచుకొని, బంగారు శిఖరమును చూచుచు నేరుగా నడువవచ్చును. అహల్యాబాయి విగ్రహము ఆ ప్రాంగణమున ప్రతిష్ఠింపబడుట ఉచితముగా ఉన్నది.

ఇందుకొరకు 300కు పైగా కట్టడములను కొని తొలగించిరి. సుమారు 1400 మంది గృహస్థులు, అద్దెకున్నవారు, దుకాణదారులు అక్కడినుండి కదలిరి. వారికి పరిహారము ఇచ్చిరి. లాహోరీ టోలా గల్లీలలో అనేకములు నేడు పేరుగా మిగిలినవి. అప్పుడు ఒక విశేషము బయటపడినది. ఆ యిండ్ల గోడలు తీయుచుండగా లోపలినుండి 40కి పైగా పురాతన దేవాలయములు కనబడినవి! నూర్లకొలది ఏండ్లుగా గోడల నడుమ, వంటయిండ్ల ప్రక్కన అవి దాగియున్నవి. కొందరు దీనిని చూచి, "గృహస్థులు దేవాలయములను ఆక్రమించుకొనిరి" అనిరి. అటువంటివారును కొందరు ఉండియుండవచ్చును. కాని ఆ ఆలయములు నేటివరకు నిలిచియున్నవనిన, ఆ గోడలు వానిని దాచినవి కనుకనే కదా! బాలాలయమును విప్పిచూచిన లోపల స్వామి ఉండుటలో ఆశ్చర్యమేమి?

2022లో మా అక్కగారిని చక్రముల కుర్చీలో కూర్చుండబెట్టుకొని కాశికి తీసికొనిపోతిని. ఆమెకు అప్పటికి ఎనుబది నిండినవి. ఎవరిని ఒరయకుండ, ఎక్కడను ఆగకుండ సన్నిధికి చేరితిమి. ఆమె తన చేతితో బిల్వదళము సమర్పించి, "అమ్మ ఉండియుంటే ఎంత బాగుండెడిది తమ్ముడూ!" అనెను. ఆ ఒక్క మాటతో ఆ విశాల ప్రాంగణము నా కన్నులకు ధన్యమైనది.

మరునాడు ఒంటరిగా పెద్దమ్మగారి ఇంటిని వెదకితిని. గల్లీ మొదటినుండి ఎన్ని అడుగులో నాకు కంఠస్థము. కాని అడుగులు మొదలుపెట్టుటకు గల్లీ మొదలు ఉండవలెను గదా! ఎండలో తెల్లగా మెరయుచున్న చలువరాతిమీద నిలిచి ఇటు అటు చూచితిని. అక్కడి కావలివానిని అడిగితిని. "బాబా! నేను వచ్చి రెండేండ్లే అయినది" అనెను. ఒక ప్రక్కన, బయటపడిన చిన్న గుడులలో ఒకదానియందు అరచేయంత శివలింగము కనబడినది. మెట్లక్రింది స్వామి అదియో కాదో నాకు తెలియదు. దీపము లేదు. నమస్కరించి వచ్చితిని.

భగవద్బంధువులారా! మన తెలుగులో కళ అను మాటకు రెండు అర్థములును కలిసియున్నవి. ఆగమములోని కళ దేవతాశక్తి. ఇంటిలోని కళ మనుష్యుల వలన వచ్చు కాంతి. నలుగురు తిరుగాడు ఇంటిని కళకళలాడుచున్నదందుము. క్షేత్రమునకు ఈ రెండు కళలును వలయును. ప్రాంగణము విశాలమైనది, మంచిది. యాత్రికులు లక్షలుగా వచ్చుచున్నారు, మంచిది. కాని యాత్రికుడు పోవువాడు. క్షేత్రవాసి ఉండువాడు. రేపు మరల ఏదైన ఆపద వచ్చినచో చెంబెడు గంగ తెచ్చి పోయువాడు ఉండువాడే గాని పోవువాడు కాడు. జీర్ణోద్ధరణములో రాతిపని ముగిసినది. కళను మరల చేర్చు పని మిగిలియున్నది. దానికి పూర్తిగా ప్రభుత్వమును బాధ్యులను చేయరాదు. అది మన పని.

ఎట్లు చేయవలెను? మొదటిది, కాశికి పూటలో పోయి పూటలో రావలదు. మన పెద్దలు తొమ్మిది రాత్రులు నిద్రచేయవలెనని చెప్పిరి. తొమ్మిది కానిచో మూడైనను ఉండుడు. రెండవది, మిగిలిన గల్లీలలో నడువుడు. ఠఠేరీ బజారు, కచౌడీ గల్లీ, బెంగాలీ టోలా నేటికిని ఉన్నవి. కేదారేశ్వరుని చుట్టునున్న వీథులలో మన తెలుగు మాట నేటికిని వినవచ్చును. శక్తి ఉన్నవారు కర్దమేశ్వరము మొదలు కపిలధార వరకు పంచక్రోశయాత్ర చేయుడు. మూడవది, అక్కడ వేదము చదువుకొను ఒక్క విద్యార్థికి ఒక్క నెల భోజనమునకు ఏర్పాటు చేయుడు. నాలుగవది, ఏ చిన్న గుడియందు దీపము కనబడకపోయినను ఒక ప్రమిద వెలిగించుడు. ఆ గుడిని నిన్నటివరకు ఎవరు చూచుకొనిరో అడిగి తెలిసికొనుడు. వారి పేరు తలచుకొనుడు.

ఇది కాశికి మాత్రమే చెప్పిన మాట కాదు. మన ఊళ్ళలోను రథవీథులు వెడల్పగుచున్నవి, పాత అగ్రహారములు పోవుచున్నవి. కొన్ని పోవలసినవే. కాని ఆ పని మీ ఊరికి వచ్చిననాడు, గడ్డపార తగులుటకు ముందు, పెద్దలు కూర్చుండి ఒక్క ప్రశ్న అడుగుడు: ఇక్కడి కళను ఎక్కడ నిలుపుచున్నాము? ఆ వీథిలో చదివినవారు, వండి వడ్డించినవారు, పూలు కట్టినవారు, నగారా మ్రోగించినవారు ఎక్కడ ఉందురు? మరల ఎప్పుడు వత్తురు? దీనికి సమాధానము దొరికినచో అది జీర్ణోద్ధరణము. దొరకనిచో అది వట్టి కట్టడము.

మా తల్లి గల్లీ మొదట చేతులు జోడించినది. మా అక్క సన్నిధిలో బిల్వము సమర్పించినది. పెద్దమ్మగారు మెట్లక్రింద దీపము పెట్టినది. ముగ్గురి సేవను స్వామి గ్రహించెననియే నా నమ్మకము. ఆ మూడవ దీపము ఆరిపోకుండ చూచుకొను భాగ్యము మనకు కలుగునుగాక అని శ్రీ విశాలాక్షీ సమేత విశ్వేశ్వరస్వామివారిని ప్రార్థించుచున్నాను.

స్వస్తి.